వాలునే అమ్ముకున్న లోయ: పోస్కియావో

స్విట్జర్లాండ్ పటంలో కింద కుడివైపు మూలన, ఇటలీలోకి పొడుచుకువెళ్ళిన సన్నని ముక్క ఒకటి కనిపిస్తుంది. అదే పోస్కియావో లోయ. గ్రౌబుండెన్ రాష్ట్రంలో భాగం. లోయలో ఉన్నవి రెండే పురపాలికలు, పైన పోస్కియావో, కింద బ్రూజియో. పోస్కియావోలో జనాభా మూడున్నర వేలు. మాట్లాడేది ఇటాలియన్, జేబులో ఉండేవి ఫ్రాంకులు. సొంత దేశంలోని పక్క లోయకు పోవాలంటే వీళ్ళు 2328 మీటర్ల బెర్నీనా కనుమ ఎక్కి దిగాలి. ఇటలీకి పోవాలంటే నది వెంట కిందికి నడిస్తే సరిపోతుంది.

జూరిక్‌లో ఉండే మా అమ్మాయి అందరూ వెళ్ళే మంచుకొండల పేర్లు నాలుగు చెప్పింది. నేను మాత్రం పటంలోని ఎత్తుల అంకెలు చూసి ఈ లోయను ఎంచుకున్నాను. రైలుదారిలో 38 కిలోమీటర్లు పోయేసరికి 1824 మీటర్లు దిగుతుంది. జలవిద్యుత్తు పనుల్లో వయసంతా గడిపినవాడికి ఆ అంకె చాలు.

ఓస్పిత్సియో బెర్నీనా, గురువారం

ఈ స్టేషను ఎత్తు 2253 మీటర్లు. సెప్టెంబరు చివరి వారమే అయినా రైలు దిగగానే గాలి చెవులు కోసింది. ఎదురుగా లాగో బియాంకో, అంటే తెల్లచెరువు. హిమానీనదం రాతిని అరగదీసి తెచ్చిన పిండి నీళ్ళలో కలిసి ఉండడం వల్ల ఆ రంగు. ఉత్తరాన కొద్ది దూరంలోనే నల్లగా మరో చెరువు, లేయ్ నాయిర్. ఈ రెంటి మధ్యే నీళ్ళు దారులు మార్చుకుంటాయి. నల్లచెరువు నీళ్ళు ఇన్ నదిలో, దాని వెంట డాన్యూబులో కలిసి నల్లసముద్రానికి పోతాయి. తెల్లచెరువువి పోస్కియవీనో, అద్దా, పో నదుల మీదుగా ఏడ్రియాటిక్‌కు. మధ్యలో ఉన్న గట్టు చూస్తే మన పొలం గట్టుకన్నా పెద్ద ఎత్తేమీ లేదు.

తెల్లచెరువుకు రెండు కొసలా ఆనకట్టలు కట్టి మట్టం పెంచారు. నేను దక్షిణపు కట్ట మీద నిలబడి కిందికి వంగి చూస్తుంటే మా ఆవిడ మఫ్లరు ముక్కుదాకా లాక్కుని, “ఏమండీ, ఇంత దూరం వచ్చీ డ్యామేనా?” అంది. జవాబు చెప్పకుండా రైలెక్కించాను.

తరువాతి స్టేషను ఆల్ప్ గ్ర్యూమ్. ఇక్కడికి మోటారు రోడ్డు లేదు, రైల్లో రావాలి లేదా నడిచి రావాలి. ఎదురుగా పాల్యూ హిమానీనదం. ఒకప్పుడు లోయ అడుగుదాకా దిగి ఉండేదట, ఇప్పుడు కొండభుజం మీదికి ముడుచుకుంది. దాని కింద వదిలివెళ్ళిన నీలాకుపచ్చ మడుగు. ఫలహారశాలలో బార్లీ సూపు అడిగితే, వడ్డించే అమ్మాయి మా ఆవిడ ముఖం చూసి, “అందులో మాంసం ఉంటుంది” అని తనంతట తానే చెప్పింది. ఆపిల్ కేకు ముక్కా, రెండు కాఫీలూ కలిపి 17 ఫ్రాంకులయ్యాయి. ఫ్రాంకు వంద రూపాయలు దాటింది కాబట్టి మొదటి రోజు ప్రతిదాన్నీ వందతో గుణించి నిట్టూర్చాం. రెండో రోజునుంచి గుణించడం మానేశాం.

అక్కడినుంచి రైలు మలుపు మీద మలుపు తిరుగుతూ దిగుతుంది. ఇంత నిటారు దారిలో మామూలుగా పట్టాల మధ్య పళ్ళ కమ్మీ వేస్తారు. ఇక్కడ అది లేదు. నూరు మీటర్లకు ఏడు మీటర్ల వాలును మామూలు చక్రాలతోనే ఎక్కి దిగుతుంది. 1906లో మొదలుపెట్టి 1910కల్లా పూర్తి చేశారు. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. నన్ను ఆకట్టుకున్నది ఆ బిరుదు కాదు. ఇది పుట్టినప్పటినుంచీ కరెంటు మీదే నడిచింది. కరెంటు వచ్చింది ఈ లోయ నీళ్ళనుంచే. అంటే ఏ వాలు రైలుకు కష్టమో, ఆ వాలే దాన్ని లాగుతోంది.

కవాల్యాలో దిగి రాతి గుంటలు చూశాం. హిమానీనదం కింద ఉరికిన నీళ్ళు గుండ్రాళ్ళను సుడి తిప్పి తిప్పి బండలో తొలిచిన గుంటలవి. అచ్చం రోలులాగే నున్నగా, లోపల ఇంకా ఆ గుండ్రాయి కూడా ఉన్నవి కొన్ని. కొన్ని మనిషి లోతు, కొన్నింటిలోకి నిచ్చెన దింపాలి. వేల ఏళ్ళుగా మట్టితో పూడిపోయి ఉంటే ఊరివాళ్ళు సంఘంగా ఏర్పడి ఒక్కొక్కటే తవ్వి శుభ్రం చేశారు.

కిందికి నడిచే దిగుదామనుకున్నాం. పసుపుపచ్చ పలక మీద రాసిన సమయం ఇక్కడి మనుషుల మోకాళ్ళకు సంబంధించినది. పైగా ఒక చీలిక దగ్గర పాత కంచరగాడిదల బాట వదిలి కలప లారీల దారి పట్టాం. అరగంట తరువాత కట్టెలు కొడుతున్న పెద్దాయన ఎదురయ్యాడు. భాష కుదరలేదు. గొడ్డలి మొద్దులో గుచ్చి, లేచి, మాకు ముందు నడిచి బాట దాకా తెచ్చి వదిలాడు. “గ్రాత్సియె” అంటే టోపీ సవరించుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

పోస్కియావో ఊరు, శుక్రవారం

ఇక్కడ ఎదురుపడ్డ ప్రతివాళ్ళకూ “బోన్ జోర్నో” చెప్పాలి. చెప్పకుండా దుకాణంలోకి అడుగుపెడితే మనం గోడమీద బల్లితో సమానం, ఎవరూ పట్టించుకోరు. చెప్పామో, మన పని అయ్యేదాకా వదలరు. ఇంకో నియమం, పన్నెండు కొట్టగానే తలుపులు మూతపడతాయి. మళ్ళీ రెండింటికే. మధ్యలో వీధుల్లో పిల్లులూ మేమూ.

మూసే లోపలే రొట్టెల దుకాణంలో బ్రాషదెల కొనుక్కున్నాం. రై పిండితో, సోంపు వేసి, కంకణంలా మధ్యలో బెజ్జంతో కాల్చే రొట్టె. పూర్వం ఎలకలకు అందకుండా కర్రకు గుచ్చి వేలాడదీసేవారు. ఆరు ఫ్రాంకులు. గట్టిగానే ఉంటుంది. కానీ నమిలేకొద్దీ సోంపు వాసన తేలి, ఇంకో ముక్క విరవబుద్ధేస్తుంది. ఊరి కూడలిలో ఉన్న రాతి తొట్టె నీళ్ళతో తిన్నాం. ఆ నీళ్ళు తాగడానికే, ఉచితం.

కూడలిలో పక్కపక్కనే శాన్ విత్తోరె చర్చి, సంత ఆన్న ప్రార్థనా మందిరం. రెండోదాని వసారాలో, ఇనుప కటకటాల వెనక, అరల నిండా మనుషుల పుర్రెలు. పాత సమాధులు తీసినప్పుడు దాచినవి. పక్క బల్లల మీద జనం ఐస్‌క్రీం తింటున్నారు. నాకు వింతగా తోచింది కానీ, వాళ్ళకు మాత్రం తాతలు వాకిట్లో కూర్చున్నట్టే.

ఈ ఊరి చరిత్రలో పుర్రెలకు లోటు లేదు. కోమో బిషప్పులూ, మిలాన్ ప్రభువులూ లాక్కుంటూ ఉంటే, 1408లో పోస్కియావో ఉత్తరాన కొండల అవతల ఉన్న “దేవుని ఇల్లు” అనే కూటమిలో చేరింది. దక్షిణాది భాష, ఉత్తరాది పొత్తు, ఈ మెలిక అప్పటిది. 16వ శతాబ్దిలో మతసంస్కరణ వచ్చింది. 1540ల చివర దోల్ఫీనో లాందోల్ఫి ఇక్కడ అచ్చుయంత్రం పెట్టాడు. ఇటలీలో అచ్చువేస్తే ప్రాణం పోయే ప్రొటెస్టెంటు పుస్తకాలను ఇక్కడ అచ్చువేసి కిందికి పంపేవారు. బిషప్పు పదవి వదిలి పారిపోయి వచ్చిన వెర్జేరియో రాతలు కూడా వాటిలో ఉన్నాయి. రోము ఎంత మొత్తుకున్నా యంత్రం ఆగలేదు. అంటే ఈ లోయనుంచి కిందికి దిగిన తొలి నిషిద్ధ సరుకు కాగితమే.

దానికి బదులు కిందినుంచి కత్తులు వచ్చాయి. 1620 జులైలో దిగువన, ఇప్పుడు ఇటలీలో ఉన్న వాల్తెల్లీనా లోయలో కాథలిక్కులు ప్రొటెస్టెంట్లను వందల సంఖ్యలో చంపారు. మూడేళ్ళకు ఆ మంట ఇక్కడికీ పాకింది. ఆ తరువాత ఏమైందో చూడండి. ఇప్పటికీ ఊళ్ళో రెండు మతశాఖలకూ వేర్వేరు గుళ్ళు, నూరు అడుగుల దూరంలో. గడియారాలు కూడా వేరుగానే కొడతాయి. కొట్టుకోవడం మాత్రం మానేశారు. అయితే ఒక విషయంలో ఇద్దరూ కలిసే ఉన్నారు. 17, 18 శతాబ్దాల్లో మంత్రగత్తెలని ముద్రవేసి నూరుమందికి పైగా విచారించారు. ఆ రికార్డులు పురపాలక భవనంలో భద్రంగా ఉన్నాయి. మన గుమస్తాలకే కాదు, వాళ్ళకూ కాగితం పారేయడం చేతకాదు.

సాయంత్రం ఊరికి దక్షిణాన ఉన్న వీయా దెయ్ పలాత్సి చూశాం. రాతి ఇళ్ళ మధ్య సందుల్లోంచి ఒక్కసారిగా గులాబీ, లేతపసుపు, నీలం రంగుల మేడల వరుస. రోడ్డుకు ఒక పక్క మేడలు, ఎదురుపక్క వాటి పూలతోటలు. దీన్ని స్పానిష్ పేట అంటారు. కట్టినవాళ్ళు స్పెయిన్ వాళ్ళు కారు, మిఠాయి వంటవాళ్ళు. గ్రౌబుండెన్ జనం వెనిస్ నగరంలో మిఠాయి దుకాణాలు పెట్టి పాతుకుపోయారు. 1766లో వెనిస్ వాళ్ళను వెళ్ళగొట్టింది. దాంతో ఐరోపా అంతటా చెదిరారు. పోస్కియావో సెమదేని కుటుంబం వార్సా, కీవ్ దాకా వెళ్ళింది. మతొస్సి, ఫ్రాంకోని కుటుంబాలవాళ్ళు స్పెయిన్‌లో బిల్బావోనుంచి మొదలుపెట్టి “కాఫే సుయీసో” పేరుతో కాఫీశాలలు తెరిచారు. డబ్బు చేసుకుని తిరిగివచ్చి 19వ శతాబ్దిలో ఈ మేడలు కట్టారు. చాలావాటికి నమూనా గీసింది విచెంత్సానుంచి వచ్చిన జొవాన్నీ సొత్తోవియా. పన్నెండేళ్ళ పిల్లలను నౌకరీకి పంపిన లోయ అది. చక్కెర పాకం దగ్గర చేతులు కాల్చుకున్న పిల్లల సొమ్ముతో లేచాయి ఈ మేడలు.

మా బసలో యజమానురాలికి డెబ్భై దాటాయి, ఇంగ్లీషు బాగా వచ్చు. 1987 గురించి అడిగాను. తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది, “ఇక్కడిదాకా, గదిలో.” ఆ జులై 18న కుండపోత. పైన వాల్ వారూనా అనే పక్కవాగు బండలూ మట్టీ తెచ్చి పోస్కియవీనో నదికి అడ్డంగా పోసింది. నది దారి మార్చుకుని ఊరి మధ్యగా పారింది. అదే నెల 28న దిగువన వాల్తెల్లీనాలో ఒక కొండపక్క మొత్తం విరిగి సంత్ ఆంతోనియో మొరిన్యోనె ఊరిని పూడ్చేసింది. “మా ఇంట్లోంచి బురద తీయడానికి జర్మన్ మాట్లాడే అబ్బాయిలు వచ్చారు,” అందామె. “కనుమ అవతల కూడా మనవాళ్ళు ఉన్నారని అప్పుడు నమ్మాను.”

రాత్రి పిత్సొక్కెరి తిన్నాం. బక్‌వీట్ పిండితో చేసిన వెడల్పాటి ముదురురంగు పట్టీలు, బంగాళాదుంప, క్యాబేజీ ఆకు, పైన కరిగిన వెన్నలో వేగిన వెల్లుల్లి, చీజు. వడ్డించిన పళ్ళెం చూసి సగం తింటామనుకున్నాం, మొత్తం తిన్నాం. పళ్ళానికి 24 ఫ్రాంకులు. పక్క బల్లలవాళ్ళు మా పళ్ళాలు రాగానే తలతిప్పి “బోన్ అప్పెతీతో” అన్నారు. మనలో ఎవరైనా తింటుంటే చూడకూడదంటారు. ఇక్కడ చూసి మరీ దీవిస్తారు.

లె ప్రేజె, శనివారం

ఊరినుంచి కిందికి పోయే రైలు లె ప్రేజె దగ్గర పట్టాలతో సహా నడిరోడ్డు మీదికి వస్తుంది. కార్లు ఒదిగి దారి ఇస్తాయి. ఒక ఇంటి కిటికీలో కుండీకి నీళ్ళు పోస్తున్నావిడ చేతికి రైలు అందేటంత దగ్గర.

ఇక్కడ పోస్కియావో సరస్సు మొదలవుతుంది. 962 మీటర్ల ఎత్తున, రెండు కిలోమీటర్ల పొడవు. ఎప్పుడో కొండచరియ విరిగి లోయకు అడ్డం పడితే వెనక నిలిచిన నీళ్ళు ఇవి. దిగువ కొసన మీరలాగో ఊరు ఆ విరిగిపడ్డ రాళ్ళ మీదే ఉంది. గంధకపు ఊట దొరికిందని 1857లో ఒడ్డున స్నానాల హోటలు కట్టారు. ఒడ్డు వెంట నడకదారి నీడగా ఉంది, మా ఆవిడ ముఖం మొదటిసారి తేటపడింది.

ఆ తేటదనాన్ని నేనే చెడగొట్టాను, మీరలాగో దగ్గర నీళ్ళు సొరంగంలోకి పోయే చోటు వెతుకుతూ. 1904లో బ్రూజియో విద్యుత్ సంస్థ ఏర్పడింది. ప్రకృతి కట్టిన ఆనకట్టను సిద్ధంగా తీసుకుని, సరస్సు నీటిని కొండలోంచి తీసుకువెళ్ళి, నాలుగు వందల మీటర్లకు పైగా కిందకు, సరిహద్దు దగ్గరి కాంపోకొలోన్యోకు గొట్టాల్లో వదిలారు. 1907నాటికి అది ఐరోపాలోకెల్లా పెద్ద జలవిద్యుత్ కేంద్రాల్లో ఒకటి. కరెంటులో ఎక్కువ భాగం ఉత్తర ఇటలీలోని లొంబార్డీ మిల్లులకు అమ్మారు. 1920లలో పైన పాల్యూ, కవాల్యా కేంద్రాలు వచ్చాయి. అంటే తెల్లచెరువు నీటిబొట్టు ఇటలీ చేరేలోపు మెట్టుమెట్టుకూ పని చేస్తుంది. సీలేరు నీళ్ళు కూడా ఇలాగే మెట్లు దిగుతూ పనిచేస్తాయి, కానీ అక్కడి కొండల్లో గిరిజన పల్లెలకు తీగలు చివరన వెళ్ళాయి. ఇక్కడ కంపెనీ కార్యాలయం పోస్కియావోలోనే ఉంది, ఉద్యోగాలూ పన్నులూ అక్కడే. ఆ తేడా చూసి నాకు కొంచెం కడుపు మండింది.

సరస్సునుంచి తెల్లచెరువుకు నీళ్ళు తిరిగి ఎక్కించే వెయ్యి మెగావాట్ల పథకం ఒకటి కాగితాల మీద తయారై, కరెంటు ధరలు పడిపోవడంతో అటకెక్కింది. ఒడ్డున చేపలు పట్టే కుర్రాడు దాని మాట ఎత్తగానే భుజాలు ఎగరేశాడు.

నది చదునులో చిన్న చిన్న మూలికల మళ్ళు. రికోలా చప్పరింపు బిళ్ళల్లోకి ఇక్కడి మూలికలూ వెళతాయి. లోయ సాగుభూమిలో నూటికి తొంభై పైగా రసాయనాలు లేని సేద్యమే.

వియానో, ఆదివారం

యజమానురాలి అన్నగారు కారులో తీసుకువెళతానన్నారు. బ్రూజియో పైన, కొండవాలుకు అతుక్కున్న ఊరు వియానో. సరిహద్దు నడకదూరం. డబ్బు ఇవ్వబోతే స్టీరింగు మీదనుంచి చేతులు రెండూ ఎత్తేశారు. ఆ మలుపుల్లో అంతకంటే గట్టి బెదిరింపు ఉండదు, పర్సు మూసేశాను.

రెండో ప్రపంచయుద్ధకాలంలో ఇటలీనుంచి ఇటు దొంగచాటుగా బియ్యం వచ్చేది. యుద్ధం తరువాత ఇటునుంచి అటు కాఫీ, సిగరెట్లు. ఇటలీలో కాఫీమీద సుంకం ఎక్కువ. లోయలో కాఫీ వేయించే అంగళ్ళు పుట్టుకొచ్చాయి. ముప్ఫై కిలోల మూట, గోనెపట్టీలతో వీపుకు కట్టుకుని, చప్పుడు కాకుండా కాళ్ళకు గోనెగుడ్డ చెప్పులతో, రాత్రివేళ అడవిబాటల్లో దిగేవారు. మమ్మల్ని తెచ్చిన పెద్దాయన కూడా పదహారో ఏట మొదలుపెట్టారట. “దొంగతనమా?” అంటే కోపం వచ్చింది. స్విస్ కస్టమ్స్‌లో కాగితం రాయించి, “ఎక్స్‌పోర్ట్ రెండు” అనే పద్దు కింద సక్రమంగా పంపేవాళ్ళమన్నారు. ఇక్కడ అది ఎగుమతి, పది అడుగులు దాటితే నేరం. ఇటలీ సుంకం జవాన్లు పట్టుకుంటే మూట వదిలి పరుగెత్తాలి, అంతే. కొందరు తిరిగి రాలేదు కూడా. 1970లలో ధరల తేడా పోయి ఆ వ్యాపారం ఆగిపోయింది. దానితోపాటే వియానోలో ఇళ్ళు ఖాళీ అయ్యాయి.

అక్కడినుంచి శాన్ రొమేరియోకు నడిచాం. 1793 మీటర్ల ఎత్తున, కొండకొమ్ము అంచున ఒంటరి రాతి చర్చి, మధ్యయుగంనాటిది. గోడ పట్టుకుని చూస్తే ఎనిమిది వందల మీటర్ల కింద నిన్న నడిచిన సరస్సు. మా ఆవిడ ఒకసారి చూసి వెనక్కి వెళ్ళి పచ్చికలో కూర్చుంది. ఆవులు మేతనుంచి దిగిపోయే రోజులు, మెడగంటలు కింది పల్లెల్లోనే వినిపిస్తున్నాయి.

బ్రూజియో, తిరానో, సోమవారం

బ్రూజియో దగ్గర వాలు మరీ ఎక్కువై, రైలుదారికి చోటు చాలక, మైదానంలో రాతి కమానుల మీద గుండ్రంగా తిప్పి తన కిందినుంచే తనను దూర్చారు. తొమ్మిది కమానులు, డెబ్భై మీటర్ల వ్యాసార్ధం. అందరూ కిటికీల్లోంచి ఫోన్లు చాపారు. నేను దిగి కిందికి వెళ్ళి చూశాను. అచ్చం పిల్లలు ఆడుకునే రైలు అనిపించకుండా ఉన్నది ఆ రాతి పనివల్లనే. చుట్టూ చెస్ట్‌నట్ చెట్లు, ముళ్ళకాయలు ఇంకా పచ్చిగా ఉన్నాయి.

తిరానో ఇటలీ. ఎత్తు 429 మీటర్లు, స్వెటర్లు విప్పాం. ఈ వాల్తెల్లీనాను 1512నుంచి 1797దాకా “దేవుని ఇల్లు”లాంటి కొండమీది కూటములే పాలించాయి. 1620 మారణకాండ మొదలైంది ఈ ఊళ్ళోనే. ఇప్పుడు ఎర్ర రైలు మదొన్న (మేరీమాత) గుడి ముందున్న కూడలిని కోసుకుంటూ పోతుంటే భక్తులు ఆగి దారి ఇస్తారు. పొద్దున్నే ఇక్కడినుంచి వందలమంది పైకి స్విస్ జీతానికి వెళతారు, సాయంత్రం తిరిగి వస్తారు. పోస్కియావో గృహిణులు సరుకులకు కిందికి వస్తారు. పిత్సొక్కెరి ఇక్కడ 12 యూరోలు. రుచిలో తేడా చెప్పలేను, వెన్న మాత్రం ఇంకాస్త ఉదారం.

తిరుగు రైల్లో మా ఎదురుగా కూర్చున్న పోస్కియావో మహిళ సంచీ తెరిచింది. పైవరుసలో బియ్యం, కింద అరడజను కాఫీపొడి ప్యాకెట్లు. ఇటలీనుంచి కొండపైకి, టికెట్టు కొనుక్కుని, పట్టపగలు. “అక్కడ దొరకదా?” అని అడిగాను. దొరుకుతుందట, దాదాపు రెట్టింపు ధరకు.